కర్నూలులో ఏసీ కొనుగోలు: ధర చీటీ నుంచి ఆఖరి బిల్లు దాకా

ఏసీ ఎంత చల్లబరుస్తుందో రాయడానికి కూర్చోలేదు. ఆ సంగతి మే నెలలో కర్నూలు ఎండే తేలుస్తుంది. దాన్ని కొన్న తీరు గురించి, అమ్మినవాళ్ల గురించి, బిగించిన పిల్లవాడి గురించి రాస్తున్నాను. విద్యుత్ శాఖలో అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను కనుక చుట్టాల్లో ఎవరు ఏ సామాను కొన్నా నన్ను వెంట రమ్మంటారు. మా ఆయన మాత్రం రారు. బేరమాడే చోట నిలబడటం ఆయనకు నామోషీ. ఎప్పుడైనా వచ్చినా, నేను నోరు తెరవగానే ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని మెట్లు దిగిపోతారు.

మా ఇల్లు సి క్యాంపు దగ్గర. మామగారిది మేడ మీద గది, పడమటి గోడ. ఆయనకు ఎనభై దాటాయి. ఇన్నేళ్లూ కూలరుతో నెట్టుకొచ్చాం గానీ, రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంటే కూలరు మాత్రం ఏం చేస్తుంది? ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొనాలని 2025 ఆగస్టులోనే అనుకున్నాం.

అనుకున్నాం గానీ కొనలేదు. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటించాక తొందరపడి ఏసీ కొనే అకౌంటెంటు ఎక్కడైనా ఉంటుందా? ఊళ్లో ఒక పెద్ద షోరూంకు వెళ్లి, నచ్చిన మోడల్ ముందు నిలబడి, ధర చీటీని ఫోటో తీసుకుని వచ్చేశాను. 47,990 రూపాయలు. పక్కనే అడ్డంగా కొట్టేసిన ఎంఆర్పీ, 70 వేల చిల్లర. ఆ కొట్టేసిన అంకెను చూడనే చూడవద్దు. ఆ ధర పెట్టి ఏసీ కొన్న మనిషి నాకింతవరకు తారసపడలేదు. "30 శాతం తగ్గింపు" అన్న ఎర్ర అక్షరాలన్నీ పుట్టేది మాత్రం దానిలోంచే.

ఫోటోలో మోడల్ నంబరు చివరి అక్షరం దాకా పడాలి. ఒకే ఏసీని షోరూంలకు ఒక అక్షరంతో, ఆన్‌లైన్‌కు మరో అక్షరంతో పంపే కంపెనీలు ఉన్నాయి. "ఫోనులో తక్కువ చూపిస్తోంది కదా బాబూ" అని అడిగితే "అది వేరే మోడల్ మేడం" అనడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

సెప్టెంబరు 22న కొత్త పన్ను అమల్లోకి వచ్చింది. ఏసీలకు, 32 అంగుళాలు మించిన టీవీలకు, గిన్నెలు కడిగే యంత్రాలకు 28 శాతం ఉన్న జీఎస్టీ 18 అయింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన లెక్క వాదన కర్నూలులో చాలా ఇళ్లలో జరిగే ఉంటుంది. "28 నుంచి 18కి వచ్చిందంటే పది శాతం తగ్గాలి. నలభై ఎనిమిది వేల ఏసీ నలభై మూడు వేల రెండు వందలకు రావాలి" అన్నారు మా ఆయన. రాదు. పన్ను వేసేది అసలు ధర మీద. వంద రూపాయల వస్తువు పన్నుతో కలిపి 128 ఉండేది, ఇప్పుడు 118 అయింది. 128లో పది తగ్గితే శాతం లెక్కలో 7.8 మాత్రమే. నా ఫోటోలోని 47,990ని 1.28తో భాగించి 1.18తో హెచ్చిస్తే 44,241 వస్తుంది. దుకాణం తన జేబులోంచి ఒక్క రూపాయి తీయకపోయినా ఏసీ ఆ ధరకు రావాలి. అంతకన్నా ఎక్కువ చెబితే పన్ను తగ్గింపును వాళ్లే ఉంచుకున్నట్టు. అంతకన్నా తక్కువ చెబితే ఆ తేడా ఒక్కటే అసలైన ఆఫర్.

దసరాకు అదే షోరూంకు వెళ్లాను. వాకిట్లో బెలూన్ల తోరణం, లోపల డప్పులు, గోడ నిండా "పండగ ధమాకా". అదే ఏసీ, అదే మోడల్ నంబరు, చీటీ మీద 43,990. అంటే ధమాకా మొత్తం విలువ 251 రూపాయలు. డప్పులవాళ్లకే అంతకన్నా ఎక్కువ ఇచ్చి ఉంటారు. అయినా పన్ను తగ్గింపును పూర్తిగా ఇచ్చారు కనుక వాళ్లను తప్పుపట్టను.

తప్పుపట్టాల్సింది పక్క వరసలో జరిగిన దాన్ని. ఫ్రిజ్‌ల మీద, వాషింగ్ మెషిన్ల మీద కూడా "జీఎస్టీ తగ్గింపు ధర" అని పసుపు బోర్డులు పెట్టారు. అక్కడున్న కుర్రవాణ్ని పిలిచి, "బాబూ, ఫ్రిజ్ మీద 2018 జూలై నుంచీ 18 శాతమే కదా, ఇప్పుడు తగ్గినది ఏమిటి?" అని అడిగాను. అతను బోర్డు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "పైనుంచి పంపారు మేడం, పెట్టమన్నారు, పెట్టాం" అన్నాడు. పాపం, నిజమే చెప్పాడు. అక్టోబరు 16న ప్రధాని మా ఊరికే వచ్చి జీఎస్టీ తగ్గింపు మీద పెద్ద సభ పెట్టి వెళ్లారు. ఆ రోజుల్లో ఏ వస్తువు మీద ఆ బోర్డు తగిలించినా జనం నమ్మేలా ఉంది గాలి. ఫోన్ల మీద 2020 ఏప్రిల్ నుంచీ 18 శాతమే. ల్యాప్‌టాప్‌ల మీదా కొత్తగా తగ్గింది లేదు. వాటికి జీఎస్టీ పేరు చెప్పి ఎవరైనా ధర తగ్గించామంటే, ఆ ధర అంతకు ముందు వారం ఎంత ఉందో అడగండి.

ఇక 43,990 అన్న ఆ చీటీ బిల్లు కౌంటరు చేరేసరికి ఏమవుతుందో చూడండి. అడగకుండానే వడ్డించే పెళ్లి భోజనంలా ఒక్కొక్కటే వచ్చి పడుతుంది. బిగింపుకు 1,499. బయటి యూనిట్ పెట్టే ఇనుప స్టాండుకు 900. స్టెబిలైజర్ 3,200. అదనపు వారంటీ 3,999. మొత్తం 53,588. చీటీకీ దీనికీ తేడా తొమ్మిదిన్నర వేలు. రాగి పైపు సంగతి అప్పటికి ఇంకా ఎత్తనే లేదు. పెట్టెలో వచ్చేది మూడు మీటర్ల పైపు. మా గది నుంచి ఉత్తరం వైపు నీడలో బయటి యూనిట్ పెట్టాలంటే ఐదు మీటర్లు కావాలి. పై రెండు మీటర్లకు మీటరు వెయ్యి.

స్టెబిలైజర్ వద్దన్నాను. "అది లేకపోతే వారంటీ వర్తించదు మేడం" అన్నాడు సేల్స్ అబ్బాయి. "ఆ మాట వారంటీ కార్డులో ఎక్కడ రాసి ఉందో చూపించు నాయనా" అన్నాను. పెట్టెలోంచి కార్డు తీయించాను. అందులో ఆ మాట లేదు సరికదా, 145 నుంచి 290 వోల్టుల దాకా స్టెబిలైజర్ అక్కరలేదని పెట్టె మీదే అచ్చయి ఉంది. మా ఇంట్లో రాత్రిపూట కూడా వోల్టేజి 220కి తగ్గదు. మీటరు పెట్టి నేనే చూశాను, పాత అలవాటు. కోడుమూరు పక్క పల్లెలో మా చెల్లెలి ఇల్లు ఉంది. అక్కడ మోటార్లు నడిచే వేళ దీపాలు గుడ్డివవుతాయి. అలాంటి చోట స్టెబిలైజర్ కొనాల్సిందే. కొనాలో వద్దో మీ ఇంటి వోల్టేజి చెప్పాలి, సేల్స్ అబ్బాయి కాదు.

అదనపు వారంటీ కూడా వద్దన్నాను. కంప్రెసర్‌కు కంపెనీయే పదేళ్లు, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకు ఐదేళ్లు ఇచ్చింది. షోరూంవాళ్లు అమ్మేది కంపెనీ వారంటీ కాదు, వేరే సంస్థది. ఆ కాగితం వెనక సన్న అక్షరాల్లో గ్యాస్ నింపడం వర్తించదని ఉంది. ఏసీకి మూడేళ్ల తర్వాత వచ్చే మామూలు జబ్బే గ్యాస్ కారిపోవడం. దానికే పనికిరాని వారంటీకి నాలుగు వేలా?

అప్పుడు కార్డు మాట వచ్చింది. ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు మీద నాలుగు వేలు తగ్గింపు, అయితే ఆరు నెలల వాయిదాలు పెట్టుకోవాలి, వడ్డీ లేదు. వడ్డీ లేని అప్పు బ్యాంకు ఎవరికీ ఇవ్వదు. సున్నా వడ్డీ అనే మాటే కుదరదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే, బ్యాంకు తన వడ్డీ తను వేసుకుంటుంది, ఆ మొత్తాన్ని ధరలో ముందే తగ్గించి చూపిస్తారు. ఇంతవరకు మనకు నష్టం లేదు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన నెత్తిన పడుతుంది. దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము 199, దాని మీద మళ్లీ జీఎస్టీ. నా లెక్కలో రెండూ కలిపి ఐదున్నర వందల దాకా తేలింది. నాలుగు వేలు తగ్గుతుంటే ఐదు వందలు పోయినా లాభమే, కాదనను. కాకపోతే "ఒక్క రూపాయి కూడా అదనం ఉండదు" అని నా ముఖం మీద చెప్పాడు చూడండి, అది నచ్చలేదు.

మొత్తానికి ఆ షోరూంలో స్టెబిలైజర్, వారంటీ తీసేసి, పైపు కలిపి, కార్డు తగ్గింపు పోను, దాని ఖర్చులు చేర్చి లెక్క వేస్తే 44,930 దగ్గర ఆగింది. ఈ అంకెను చీటీ మీద రాసుకుని బయటికి వచ్చాను. బేరమాడటానికి అసలు ఆయుధం ఇదే. "మీ ధర ఎంత?" అని ఎవరినీ అడగవద్దు. "గోడకు బిగించి, ఆన్ చేసి, నా చేతికి రిమోట్ ఇచ్చేసరికి మొత్తం ఎంత?" అని అడగండి. ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పగలిగిన దుకాణం కర్నూలులో నాకు ఒకటే దొరికింది.

అది పార్కు రోడ్డు వైపు ఉన్న పాత దుకాణం. పేరు రాయను. రాస్తే రేపటి నుంచి నా మాట చెప్పుకుని ఆయన ప్రాణం తీస్తారు. రెండు షట్టర్ల దుకాణం, ఫ్యాన్లూ గీజర్లూ నిలువెత్తు పేర్చి ఉంటాయి, మధ్యలో ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. దీపావళి వెళ్లాక, నెలాఖరులో, పొద్దున్నే షట్టరు ఎత్తే వేళకు వెళ్లాను. మూడింటికీ కారణాలు ఉన్నాయి. 2025 వేసవిలో వానలు ముందుగానే రావడంతో ఏసీలు అనుకున్నట్టు అమ్ముడుపోలేదు, దీపావళి దాటితే ఇక ఫిబ్రవరి దాకా అడిగేవాడు ఉండడు, గోదాములో సరుకు అలాగే కూర్చుంటుంది. నెలాఖరు ఎందుకంటే, డీలరుకు వచ్చే లాభంలో మంచి భాగం అమ్మకాల లక్ష్యం చేరితేనే కంపెనీ ఇస్తుంది. లక్ష్యానికి రెండు మూడు ఏసీలు తక్కువైన డీలరు, వస్తువు మీద తనకు మిగలకపోయినా అమ్ముతాడు. పొద్దున్నే ఎందుకో మన ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. బోణీ బేరాన్ని ఉత్త చేతులతో పంపడానికి ఏ వ్యాపారికీ మనసొప్పదు.

నా ప్రశ్న వేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, అట్టపెట్టె ముక్క మీద పెన్నుతో రాశాడు. "స్టాండు, బిగింపు, ఇంటికి చేర్చడం అన్నీ కలిపి నలభై మూడున్నర వేలమ్మా. పైపు ఎంత పడితే అంత, మీటరు తొమ్మిది వందలు." నాకు రెండు మీటర్లు, అంటే 45,300. నా దగ్గరున్న షోరూం అంకె చెప్పాను. ఆయన లెక్క చూసి, "కార్డు ఉంటే అక్కడే తీసుకోండమ్మా. ఆ నాలుగు వేలూ షోరూం ఇచ్చేది కాదు, కంపెనీ, బ్యాంకు కలిసి ఇస్తాయి. నాబోటి చిన్న డీలరుకు ఆ సౌకర్యం లేదు" అన్నాడు. వచ్చిన గిరాకీని ఎదుటి దుకాణానికి పంపే వ్యాపారిని చూసి చాలా కాలమైంది.

తేడా నాలుగు వందల లోపు. షోరూంలో బిగింపు వాళ్ల చేతిలో ఉండదు, ఫోను నంబరు ఇచ్చి సర్వీసు సెంటరుతో మాట్లాడుకోమంటారు. ఇక్కడ ఆయన మనిషే వస్తాడు. అయినా ఊరికే ఒప్పుకుంటే మా అమ్మ పెంపకానికి చెడ్డ పేరు. ఒక మీటరు పైపు డబ్బు తగ్గించమన్నాను. ఆయన నవ్వి, "పైపు తగ్గించను, రాగి ధర మీకు తెలియనిది కాదు. పాత కూలరు ఇచ్చేయండి, ఆరు వందలు తీసేస్తాను" అన్నాడు. మేడ మీద అడ్డంగా పడి ఉన్న కూలరు. పాత సామాన్ల బండివాడు దానికి మూడు వందల యాభైకి మించి ఇవ్వనన్నాడు. 44,700కు ఖాయం చేశాను.

ఏసీ కరెంటు ఎంత ఆదా చేస్తుందో చెప్పే నక్షత్రాల గురించి ఆయన దగ్గరే ఇంకో మాట జరిగింది. "మూడు నక్షత్రాలది ఏడు వేలు తక్కువకు వస్తుందమ్మా" అన్నాడు. ఇది నాకు బాగా తెలిసిన సంగతి కనుక కాస్త ఆగి చెబుతాను. ఏసీ మీద అంటించిన లేబుల్‌లో నక్షత్రాల కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది. ఆ అంకె ఏడాదికి 1,600 గంటలు నడిపితే వచ్చేది. మేం చూసిన వాటిలో ఐదు నక్షత్రాలది 760, మూడు నక్షత్రాలది 980. తేడా 220 యూనిట్లు. దీన్ని సగటు కరెంటు ధరతో హెచ్చించేవాళ్లు ఉన్నారు, అది తప్పు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు శ్లాబులు మెట్లలా పెరుగుతాయి. 2025-26లో ఇలా ఉన్నాయి: నెలకు 30 యూనిట్ల దాకా యూనిట్‌కు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు కలిసి కింది మెట్లన్నీ ముందే ఆక్రమించుకుంటాయి. ఏసీ యూనిట్లు వచ్చి పై మెట్టు మీదే కూర్చుంటాయి. మా ఇంట్లో ఏసీ లేకుండానే వేసవిలో 220 దగ్గర ఉంటుంది, కనుక ఏసీ కాల్చే దాదాపు ప్రతి యూనిట్టూ 8.75 కిందికే వస్తుంది. 220 యూనిట్లకు 1,925 రూపాయలు. ఏడు వేలు నాలుగేళ్ల లోపే తిరిగి వస్తాయి. మామగారు పగలూ రాత్రీ గదిలోనే ఉంటారు కనుక మాకు ఐదు నక్షత్రాలే సరి.

నంద్యాలలో మా ఆడపడుచుకు మాత్రం మూడు నక్షత్రాలది కొనమని చెప్పాను. వాళ్లు ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట ఎనిమిది గంటలు వేస్తారు, అంతే. అంటే దాదాపు 480 గంటలు. వాళ్లకు మిగిలేది ఏడాదికి 66 యూనిట్లు, 580 రూపాయలు కూడా లేదు. ఏడు వేలు రాబట్టడానికి పన్నెండేళ్లు పడుతుంది. "ఐదు నక్షత్రాలే కొనాలి" అని అందరికీ ఒకే మాట చెప్పేవాళ్లు కరెంటు బిల్లును వెనక్కి తిప్పి చూడనివాళ్లు. లేబుల్ మీద ఏడాది కూడా చూడండి. నక్షత్రాల కొలత ఎప్పటికప్పుడు బిగుస్తుంది. 2022 జూలైలో బిగించినప్పుడు అంతకు ముందరి ఐదు నక్షత్రాలవి నాలుగుకు దిగాయి. కనుక పాత స్టాకు చవకగా ఇస్తున్నారంటే నక్షత్రాలను కాదు, యూనిట్ల అంకెను పోల్చాలి.

పెట్టె మీద "52 డిగ్రీల్లోనూ పనిచేస్తుంది" అని ఉంటుంది. పనిచేస్తుంది, ఆగిపోదు, అంతవరకే. ఏసీ సామర్థ్యాన్ని కొలిచేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. 44 డిగ్రీల ఎండలో అదే చల్లదనం రాదు. అందుకే మేడ మీద గదికి ఒక టన్ను చాలన్నా నేను వినలేదు. మీటరు మీద మంజూరైన లోడు కూడా చూసుకుని, చాలకపోతే ముందే పెంచుకోండి. ఇది విద్యుత్ శాఖ పెన్షనరుగా చెబుతున్న మాట.

బిగించడానికి వచ్చిన పిల్లవాడు కల్లూరు వాడు, చెయ్యి చురుకు. గోడకు రంధ్రం బయటి వైపు వాలుగా వేశాడు, నీటి గొట్టం ఎక్కడా ఎత్తు పెరగకుండా దించాడు. ఇవి తెలిసినవాడి పనులు. పైపు చివర వెడల్పు చేసి ఇత్తడి నట్టు బిగించాక మాత్రం, "కొంచెం గ్యాస్ వదిలి లోపలి గాలి తోసేస్తానమ్మా, ఐదు నిమిషాల పని" అన్నాడు. చాలామంది ఇలాగే చేస్తారట. పైపులో మిగిలిన గాలీ తేమా అప్పుడే ఏమీ చేయవు, కంప్రెసర్ ఆయుష్షును నిదానంగా తింటాయి. వదిలిన గ్యాస్ కూడా మనం డబ్బు పెట్టి కొన్నదే. పైపులోని గాలిని లాగేసే వాక్యూమ్ పంపు పెట్టకుండా బిగించవద్దన్నాను. పంపు తేలేదన్నాడు. దుకాణానికి ఫోను చేశాను. ఎదురు మాట లేకుండా, అరగంటలో స్కూటరు మీద పంపు పంపాడు ఆయన. గేజి ముల్లు సున్నా దాటి కిందికి దిగింది. పంపు ఆపి పావుగంట చూశాం, ముల్లు కదలలేదు. ఆ తర్వాతే గ్యాస్ వాల్వు తెరిచాడు. నట్ల మీద సబ్బు నురుగు రాసి బుడగలు రావడం లేదని చూపించాడు. నాలుగు వందలు ఎక్కువైనా ఇక్కడే కొనేదాన్ని అనిపించింది ఆ స్కూటరును చూశాకే. నిజానికి కూలరుతో కలిపి చూస్తే ఎక్కువ కూడా కాలేదు.

బిల్లు పక్కాగా ఇచ్చాడు. లోపలి యూనిట్, బయటి యూనిట్ రెండింటి సీరియల్ నంబర్లూ ఉన్నాయి. ఈ వేటలో ఇంకో చోట "బిల్లు వద్దంటే వెయ్యి తగ్గిస్తాను" అన్నవాడు కూడా తగిలాడు. ఆ బిల్లు లేకపోతే పదేళ్ల కంప్రెసర్ వారంటీ ఏ తేదీ నుంచి లెక్కిస్తారు? బిల్లు ఉంటే 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము కూడా లేదు.

మిగతా వస్తువుల సంగతి క్లుప్తంగా. రెండు పెద్ద యాప్‌లలోనూ పండగ అమ్మకాలు సెప్టెంబరు 23న మొదలయ్యాయి. ఇయర్‌ఫోన్లు, వైఫై రౌటర్, మిక్సీ లాంటివి అక్కడే చవక. బిగించాల్సిన సామాను మాత్రం నేను ఆన్‌లైన్‌లో కొనను. వస్తువు ఒక రోజు వస్తుంది, బిగించేవాడు ఇంకెప్పుడో వస్తాడు, ఈలోపు తిప్పి పంపే గడువు దాటిపోతుంది.

ఫోనుకు అబ్దుల్లాఖాన్ ఎస్టేట్ నయం. నాలుగు దుకాణాలు పక్కపక్కనే ఉంటే ధర దానంతట అదే దిగుతుంది. డబ్బు ఇవ్వకముందే పెట్టె మీది ఐఎంఈఐ నంబరును, అంటే ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరును, కేవైఎం అన్న అక్షరాల పక్కన పెట్టి 14422కు సందేశం పంపండి, ఫోను దొంగదో నకిలీదో అయితే తెలుస్తుంది. పెట్టె తెరిచాక స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే తెర మీద వచ్చేది, పెట్టె మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటే కావాలి. ఒక దుకాణంలో నేను ఈ పని చేస్తుంటే, "ఏమిటమ్మా, మా మీద నమ్మకం లేదా?" అన్నాడు అబ్బాయి. "నమ్మకం ఉంది నాయనా, అలవాటు కూడా ఉంది" అన్నాను.

ల్యాప్‌టాప్‌కు హైదరాబాదు వెళ్లాలా అన్నది మా వైపు ఎప్పుడూ ఉండే చర్చ. మా తమ్ముడి కొడుకు ఇక్కడే పుల్లారెడ్డి కాలేజీలో ఇంజనీరింగ్ చేరితే, సికింద్రాబాదులో కంప్యూటర్ దుకాణాల సముదాయమైన సీటీసీకి వెళదామని పట్టుబట్టాడు. అక్కడి ధర ఫోనులో కనుక్కున్నాం. పార్కు రోడ్డులో యూకాన్ ప్లాజాలో చెప్పిన దానికన్నా 1,800 తక్కువ. రెండు వందల పది కిలోమీటర్లు పోయి రావడానికి ఇద్దరి చార్జీలు, ఒక పూట భోజనం, ఆటోలు తీసేస్తే చేతిలో మిగిలేది ఏమీ లేదు. రెండు మూడు ల్యాప్‌టాప్‌లు ఒకేసారి కొనేవాళ్లయితే వెళ్లండి. ఆ ధర ఇక్కడ చెబితే వెయ్యి తగ్గించారు, బ్యాగు కొత్తది ఇచ్చారు.

మళ్లీ ఏసీ దుకాణానికి వస్తే, ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. అర నక్షత్రం కోత పంపు లేకుండా మనిషిని పంపినందుకు. ఇంకో అర దేనికంటే, క్రెడిట్ కార్డు గీకితే రెండు శాతం అదనం అడుగుతాడు, ఫోన్‌పే అయితే ఏమీ అడగడు. ఆ సంగతి అట్ట ముక్క మీద ముందే రాయాల్సింది. ఆదివారం దుకాణం తెరవడు. మా ఆయన ఇప్పుడు 55 అంగుళాల టీవీ అంటున్నారు. హాలులో గోడకూ సోఫాకూ మధ్య ఏడడుగులు కూడా లేదు. ఆ బేరం ముందు ఇంట్లోనే తేలాలి.